ఎడమవైపు వదులు చేసిన జాకెట్టు

నన్ను ఎవరైనా ఒక మాట అంటే అది నాలో పాతబడదు. నాది పాము పగ అని మా నాన్న నవ్వుతూ అనేవాడు, నేనూ ఎప్పుడూ కాదనలేదు. మా అక్క అత్తగారి మీద నేను ఏళ్ల తరబడి పగ పెట్టుకున్నాను. చివరికి దాన్ని తీర్చుకోవడానికి ఒక్క మాట సరిపోయింది. అది కూడా ఆమె సంతోషంతో నవ్వేలా అన్న మాట. ఇన్నేళ్లకు ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. నేను చదివింది మరాఠీ బడిలో, తెలుగు అక్షరాలు నాన్న పలక మీద దిద్దించినవి. రాతలో తప్పులుంటే ఉండనీ, సంగతి మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తాను.

నాన్న తెలంగాణ నుంచి బొగ్గుగని పనికి చంద్రపూర్ వచ్చాడు. మేం ఇద్దరం ఆడపిల్లలం, ఇక్కడే పుట్టాం. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. గనిలో కాలు విరిగి నాన్న ఇంట్లో కూర్చున్నాక అక్క ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మగా చేరి ఇల్లు నడిపింది. నన్ను కుట్టుపని నేర్చుకోవడానికి పంపింది. నేను జాకెట్లు కుట్టే దుకాణం పెట్టుకుని నా కాళ్ల మీద నిలబడేసరికి అక్కకు ముప్పై ఏళ్లు నిండాయి. అప్పుడు గడ్‌చాందూర్‌లో కిరాణా దుకాణం ఉన్న తెలుగువాళ్ల ఇంటి నుంచి సంబంధం వచ్చింది. బావ మంచివాడు. తల్లి ముందు నోరు విప్పడం ఒక్కటి తప్ప ఆయనకు అన్నీ చేతనవును.

ఆ ఇంటికి యజమాని అత్తగారే. పొద్దున దుకాణం తెరిచింది మొదలు మూసేదాకా గల్లా పెట్టె పక్కన పరిచిన పరుపు మీద కూర్చునేది. కూర్చున్న చోటికే టీ, కూర్చున్న చోటికే భోజనం, నెయ్యి గిన్నెతో సహా. ఆరుగురిని కన్నది, ఆరుగురికీ రెండేసి ఏళ్లు పాలిచ్చింది, ఆరుగురూ బతికి బట్టకట్టారు. అందుకని ఆ బజారులో తెలుగువాళ్ల ఇంట్లోనైనా, మరాఠీవాళ్ల ఇంట్లోనైనా కాన్పు అయిందంటే ముందు ఆమెకు కబురు వెళ్లేది. బాలింతకు ఏం పెట్టాలి, బిడ్డ నోట్లో మొదట ఏం వేయాలి, అన్నీ ఆమె చెప్పినట్టే జరగాలి. డాక్టర్లూ నర్సులూ ఆమె లెక్కలో నిన్నగాక మొన్న పుట్టినవాళ్లు.

అక్కకు ముప్పై రెండో ఏట పాప పుట్టింది. కాన్పు చంద్రపూర్ దవాఖానాలోనే అయింది. నర్సు బిడ్డను తెచ్చి, వెంటనే రొమ్ముకు పట్టమంది. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"మూడు దినాలు ముర్రుపాలు పట్టొద్దు. గవి కడుపుల నిలువున్న పాలు, బిడ్డకు పడయి. నా ఆరుగురికి గిట్లనే చేసిన."

మూడు రోజులు ఆమె మంచం పక్కన కూర్చుని ఆ పసుపుపచ్చటి పాలను అక్క చేత గుడ్డలోకి పిండించింది. ఆ గుడ్డను దవాఖానా వెనక ఒక చెట్టు మొదట్లో తనే స్వయంగా జాడించి వచ్చేది. బిడ్డకు తేనెలో ముంచిన దూదివత్తి చీకించింది. మూడో రోజుకు దుకాణం నుంచి డబ్బాపాలు తెప్పించింది. అప్పుడప్పుడే కేబుల్ టీవీ వచ్చిన రోజులు. డబ్బాపాల ప్రకటనలో కనిపించే బొద్దు పిల్లవాడంటే ఆమెకు ముచ్చట. ఆమె పిల్లల కాలంలో డబ్బా లేదు కాబట్టి నాలుగో రోజు నుంచి వాళ్లు రొమ్మే తాగారు. మా పాప నాలుగో రోజుకు సీసా రబ్బరు మరిగింది. రొమ్ము నోట్లో పెడితే పట్టుకోక ఏడ్చింది, దాన్ని చూసి అక్కా ఏడ్చింది. పదిహేను రోజుల్లో పాలు ఇంకిపోయాయి. చప్పరించే నోరు లేకపోతే పాలు ఎక్కడి నుంచి వస్తాయి? నేను అక్కడే ఉన్నాను. ఇరవై నాలుగేళ్ల దాన్ని, తల్లి లేని ఇంటి నుంచి వచ్చామని జంకి నోరు మూసుకున్నాను. అలా మూసుకున్నందుకు నా మీద నాకు వచ్చిన కోపాన్ని కూడా తర్వాత ఆమె మీదికే తోసేశాను.

పాప ఒకటో తరగతిలో చేరిన ఏడాది అక్క జాకెట్టు కొలత ఇవ్వడానికి నా దుకాణానికి వచ్చింది. పరదా వెనక నా చెయ్యి పట్టుకుని తన కుడి రొమ్ము మీద పెట్టింది. లోపల చింతగింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదంది. నాలుగు నెలల నుంచి ఉందట.

"ఎవ్వరికి చెప్పలే," అంది. "ఇంట్ల తెలిస్తే ఏమంటరో అని."

రోగం కన్నా ఆ ఇంటి నోటికే భయపడింది మా అక్క. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, ఆయన నాగ్‌పూర్ పొమ్మన్నాడు. అక్కడ రొమ్ము తీసేశారు. ఆ తర్వాత మందు ఎక్కించడం, వాంతులు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం, ఒడిలో ప్లాస్టిక్ సంచి పెట్టుకుని ప్రభుత్వ బస్సులో రావడం. అన్నిటికీ నేనే వెంట ఉన్నాను. మా అక్క బతికింది.

ఆమె ఇంకా మంచం మీద ఉండగానే గడ్‌చాందూర్‌లో ఆడవాళ్ల కోసం ఆరోగ్య శిబిరం పెట్టారు. అక్క అత్తగారితో నేనూ వెళ్లాను. నాగ్‌పూర్ నుంచి వచ్చిన డాక్టరమ్మ మరాఠీలో, తేలిక మాటల్లో చెప్పింది, రొమ్ము క్యాన్సర్ ఎవరికి వచ్చే అవకాశం కాస్త ఎక్కువో. మరీ చిన్న వయసులో పెద్దమనిషి అయినవాళ్లకు, ముట్టు ఆలస్యంగా ఆగినవాళ్లకు, పిల్లలు కలగనివాళ్లకు, ముప్పై దాటాక మొదటి కాన్పు అయినవాళ్లకు, పాలివ్వనివాళ్లకు. ముందు వరసలో కూర్చున్న అత్తగారు వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. ముప్పై దాటాక అనగానే ఒకటి ముడిచింది, పాలివ్వనివాళ్లు అనగానే ఇంకొకటి. ముడిచిన చేతిని అలాగే ఒళ్లో పెట్టుకుని నావైపు తిరిగి చూసింది.

డాక్టరమ్మ అక్కడితో ఆపలేదు. అన్నిటికన్నా వయసు పెరగడమే పెద్దదంది. ముట్టు ఆగాక ఒళ్లు రావడం, రోజంతా కదలకుండా కూర్చోవడం, తాగుడు, కొన్ని రకాల హార్మోను మాత్రలు ఏళ్ల తరబడి మింగడం, దగ్గరి రక్తసంబంధంలో ఎవరికైనా వచ్చి ఉండడం కూడా చెప్పింది. వీటికి ఆమె ఒక్క వేలూ ముడవలేదు. చివర డాక్టరమ్మ ఒక మాట రెండుసార్లు అంది. ఇవన్నీ ఉన్నా చాలామందికి రాదు, ఇవి లేనివాళ్లకూ రావచ్చు, వచ్చిన మనిషిది తప్పు కాదు, గడ్డ తగిలితే మాత్రం దాచిపెట్టొద్దు అని. ఆ మాట నేను విన్నాను. అప్పటికే అత్తగారు పక్కన కూర్చున్నామెకు మా అక్క సంగతి చెప్పుకుంటోంది.

తెర కట్టిన గదిలో ఒక్కొక్కరినీ పరీక్ష చేస్తున్నారు. రమ్మంటే ఆమె నన్ను ముందుకు తోసింది.

"నువ్వు పో. ఆరుగురికి పాలిచ్చిన రొమ్ములు నావి. వీటికేమొస్తది?"

హాలులో ఆడవాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వుతూ టీ ఇస్తున్నచోటికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి అక్కను చూడవచ్చిన ప్రతి మనిషికీ అదే పాట. "షిబిర్‌ల డాక్టరమ్మనే చెప్పింది. ముప్పై దాటినంక కంటే, బిడ్డకు పాలియ్యకపోతే గిట్లనే అయితదట. కొలువు కొలువు అని తిరిగె. మేమేం జేస్తం?" పక్క గదిలో అక్కకు ప్రతి ముక్కా వినబడేది. ఆమె కొలువు చేసింది మా కడుపులు నింపడానికి. ఆమె పాలు పారబోసింది ఎవరో ఆ మాటలు చెప్పే మనిషికి తెలుసు. తెలిసి కూడా అలా అనేది. ఆ నోట్లో గుడ్డలు కుక్కాలన్నంత కోపం వచ్చేది నాకు.

ఒక మధ్యాహ్నం అక్క తల మీద కొత్తగా మొలుస్తున్న జుట్టుకు నూనె రాస్తున్నాను. పాప బడి నుంచి వచ్చి సంచి కూడా దించకుండా అడిగింది.

"అమ్మా, నాకు పాలెందుకియ్యలే నువ్వు? నాకియ్యనందుకే దేవుడు నీది కోయించిండట. నాయినమ్మ చెప్పింది."

అక్క గోడవైపు తిరిగి పడుకుంది. నాగ్‌పూర్‌లో అన్ని సూదులకూ ఏడవని మనిషి ఆ రోజు సాయంత్రం దాకా ఏడ్చింది, వీపు మాత్రమే కదులుతూ. పాప బెదిరిపోయి నాయినమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఆ తర్వాత తల్లి మంచం దగ్గరికి రావడమే తగ్గించింది. నాయినమ్మ పక్కన కూర్చుని అన్నం తినేది, ఆమె పక్కనే పడుకునేది. నేను బావను నిలదీశాను. "ముసలామె, ఏదో అంటది, పట్టించుకోకు," అన్నాడు. నేను పట్టించుకున్నాను. ఆమె కుళ్లి కుళ్లి చావాలని కోరుకున్నాను. ఇవే మాటలతో కోరుకున్నాను, ఇప్పుడు వాటిని మెత్తగా మార్చి రాయను.

రెండేళ్లు గడిచాయి. అక్క కోలుకుని ఇంటిపని చేసుకుంటోంది. ఇంట్లో ఎవరిదో పెళ్లికి బట్టలు కొనడానికి అత్తగారు చంద్రపూర్ వచ్చి, జాకెట్టు గుడ్డతో నా దుకాణం ఎక్కింది. నన్ను చూస్తే ఆమెకు ఏ జంకూ లేదు. తను అన్న మాటలు గుర్తుంటే కదా జంకడానికి!

కొలత కోసం తెచ్చే పాత జాకెట్టును ఆది జాకెట్టు అంటాం. దాన్ని ముందు తిరగేసి చూడడం మా పనిలో అలవాటు. పైన ఎంత ఇస్త్రీ చేసినా లోపలి కుట్లు, చెమట, సాగిన చోట్లు ఆ మనిషి సంగతి చెప్పేస్తాయి. ఆమెది తిరగేశాను. కుడి కటోరీ, అంటే రొమ్ము పట్టే గిన్నె, శుభ్రంగా ఉంది. ఎడమ కటోరీలో, సరిగ్గా చనుమొన ఆనే చోట, తుప్పు రంగు మరక. ఉతికినా పోని పాత మరక మీద మళ్లీ కొత్త మరక. అక్కడ చెమట అలా పట్టదు.

"ఎడమ దిక్కు బిర్రుగైతుంది. జర ఒదులు చెయ్యి," అంది.

పరదా వెనక్కి తీసుకెళ్లాను. ఆమే హుక్కులు తీసింది. చనుమొన లోపలికి గుంజుకుపోయి ఉంది. టేపు చుట్టూ తిప్పుతుంటే వేళ్ల కింద గట్టిగా, కదలకుండా తగిలింది. అక్కది చింతగింజంత, ఇది నిమ్మకాయంత.

"గీడ జర గట్టిగయింది. అప్పుడప్పుడు చెమ్మ గిట్ల వస్తది. వయసు గదా," అంటూ నా మొహంలోకి చూసింది. బజారునంతా ఏలిన మనిషి కళ్లలో మొదటిసారి భయం చూశాను. "నువ్వు అక్కతోని నాగ్‌పూర్ దాకా తిరిగినవ్. నీకు ఎర్కుంటది. ఏం గాదు గదా, పిల్లా?"

ఆమె అడిగింది. అడగకుండా వెళ్లి ఉంటే, నాకెందుకు చెప్పాలి అని నాకొక సాకు ఉండేది. నోరు తెరిచి అడిగింది. నేను టేపు చుట్టుకుంటూ అన్నాను.

"ఆరుగురికి పాలిచ్చినవ్ అత్తమ్మా. నీకెందుకొస్తది?"

ఆమె మొహం విప్పారింది. "నేను గదే అంటున్న," అని నవ్వి, హుక్కులు పెట్టుకుని, టీ తెప్పించుకుని తాగి వెళ్లింది.

ఎంత హాయిగా ఉందో! మిషన్ తొక్కుతూ పాట కూడా పాడుకున్నాను. ఆ జాకెట్టును శ్రద్ధగా కుట్టాను. ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పు వదులు చేశాను. లోపలి కుట్టులో ఇంకాస్త గుడ్డ ఎక్కువ వదిలాను, గడ్డ పెరిగినప్పుడు విప్పుకోవడానికి పనికొస్తుందని. అంత ముందుచూపు చూపించాను నేను.

వారం తర్వాత ఆ హాయి పలచబడింది. నా దుకాణం ఎదురుగానే ఎస్టీడీ బూత్ ఉండేది. ఫోను చేద్దామని రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి లైను కలవలేదు, నాకు సంతోషమైంది. రెండోసారి పాప ఎత్తింది. అక్కను పిలవమన్నాను. "అమ్మ వంటింట్ల ఉంది చిన్నమ్మా. నేను నాయినమ్మ దగ్గర కూసున్న, ఇద్దరం టీవీ చూస్తున్నం," అంది, లేవకుండానే. ఆ మాటకు పాతదంతా మళ్లీ పైకి వచ్చింది. ఫోను పెట్టేసి వచ్చాను. మూడోసారి వెళ్లలేదు.

ఎనిమిది నెలలకు కబురు వచ్చింది. రొమ్ము పుండు పడి వాసన వస్తే అప్పుడు నాగ్‌పూర్ తీసుకెళ్లారట. ఎముకలకు పాకింది, కోసి లాభం లేదు అన్నారట. ముందే ఎందుకు తేలేదని డాక్టరు బావను కేకలేశాడట.

నేను గడ్‌చాందూర్ వెళ్లాను. పరామర్శించడానికని చెప్పను, చూడడానికి వెళ్లాను. ముందు గదిలో మంచం వేశారు. పుండు కడిగి కట్టు కట్టేది మా అక్కే. చూడవచ్చినవాళ్లు గడప దాటకముందే గుసగుసలాడుకునేవాళ్లు. "అంతమందికి పాలిచ్చిన ఆమెకు గిట్లెందుకైంది? ఏం పాపం జేసిందో." ఆమెకు వినబడేది. ఆమెకు వినబడడం చూస్తూ నేను ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆ గుసగుసలు నా చెవులకు ఎంత ఇంపుగా ఉన్నాయో! దుప్పటి మీద ఆమె వేళ్లు ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. పద్నాలుగేళ్లకు పెళ్లి, పదహారుకు మొదటి కాన్పు, ఆరుగురు పిల్లలు, అన్నేళ్ల పాలు. తన తప్పు ఎక్కడుందో ఆమెకు దొరకడం లేదు.

వచ్చినవాళ్లు వెళ్లిపోయాక నన్ను దగ్గరికి రమ్మంది.

"నేను అందరికి పాలిచ్చిన గదనే. మరి నాకెందుకొచ్చింది?"

డాక్టరమ్మ రెండుసార్లు అన్న మాట నాకు గుర్తుంది. ఎవరి తప్పూ కాదని ఆ ఒక్క ముక్క అంటే చాలు, ఆమె మనసు కాస్త కుదుటపడేది. నేను దాన్ని ఊరికే ఇవ్వదలుచుకోలేదు.

"చెప్త. ముందుగాల నువ్వు చెప్పు. పాపను పిలిచి, వాళ్లమ్మ తప్పు లేదని చెప్పు. పాలు ఎవరు పారబోసిన్రో అది గూడ చెప్పు."

ఆమె చూపును పైకప్పు వైపు తిప్పుకుంది. ఒప్పుకోదనే అనుకున్నాను. ఒప్పుకోకపోతే అనడానికి నా దగ్గర ఇంకా చాలా ఉంది. చివరికి పాపను పేరు పెట్టి పిలిచింది. వంటింట్లో ఉన్న అక్కను కూడా రమ్మంది. పాపకు అప్పటికి తొమ్మిదేళ్లు. వాసనకు ముక్కు మూసుకోకూడదని ఎవరో చెప్పినట్టున్నారు, రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడింది.

"మీ అమ్మకు పాలుండె బిడ్డా," అంది ముసలామె. "నేనే పట్టనియ్యలే. మూడు దినాలు పిండిచ్చి పారబోసిన. డబ్బాపాలు నేనే తెప్పిచ్చిన. మీ అమ్మ తప్పు లేదు. నీకు నేను తప్పు చెప్పిన."

పాప తల్లివైపు చూసింది. మెల్లగా వెళ్లి కొంగు పట్టుకుంది. అక్క చెయ్యి పాప తల మీద పడింది. మూడేళ్లుగా నేను కోరుకున్నది అదే. గెలిచానని నా లోపల డప్పులు మోగాయి.

అప్పుడు ముసలామె నావైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, ఓపిక లేదు.

"నాది నేను చెప్పిన. ఇగ నీది నువ్వు చెప్పు. నా జాకెట్టు తిరగేసి చూసినవ్. చెయ్యి పెట్టి చూసినవ్. నీకు గప్పుడు ఎర్క లేకుండెనా?"

పాప నన్నే చూస్తోంది, అక్క నన్నే చూస్తోంది. జాకెట్లు కుట్టేదాన్ని, డాక్టరును కాను, నాకేం తెలుసు అనవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని చావు మంచం మీదున్న మనిషి ఒక పిల్ల ముందు అప్పుడే నిజం చెప్పింది. దాని ముందు నా అబద్ధం నిలబడలేదు.

"ఎర్కే," అన్నాను.

అక్క పాపను లోపలికి పంపింది. కాసేపటికి వేడినీళ్ల గిన్నె, కట్టు గుడ్డలు తెచ్చి, నన్ను పక్కకు జరగమని, అత్తగారి పుండు కడగడం మొదలుపెట్టింది. సగం కడిగాక తలెత్తకుండానే అంది.

"నేను భయంతోని దాచిపెట్టుకున్న. ఈమె నిన్ను అడిగింది."

నేను డాక్టరమ్మ మాట ముసలామెకు చెప్పకుండానే బస్సెక్కాను. వానలు మొదలయ్యే ముందు ఆమె పోయింది. ఆ రోజు నా దుకాణంలో నిజం చెప్పి ఉంటే బతికేదో లేదో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేరు. ఆమె మీద కోపం పోయిందా అంటే పోలేదు. ఆ మధ్యాహ్నం అక్క వీపు గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి. దానితోపాటు పరదా వెనక ఆమె నా మొహంలోకి చూసిన చూపు కూడా గుర్తొస్తుంది. దాన్ని రాకుండా ఆపడం నాకు చేతకావడం లేదు.

అక్క నాతో మాట్లాడుతుంది. నాన్న తద్దినానికి వస్తుంది, పాప ఇంత పెద్దదైనా తల్లి చెయ్యి వదలకుండా వెంట వస్తుంది. ఆపరేషన్ అయిన దగ్గర నుంచి అక్క జాకెట్లు నేనే కుట్టేదాన్ని. కుడివైపు లోపల మెత్తటి దూదిని పొరలుగా పరిచి, రెండు వైపులా సమంగా కనిపించేలా కుట్టేదాన్ని. ఆ పని ఈ జిల్లాలో నా అంత బాగా ఎవరికీ రాదు. ఆ రోజు తర్వాత ఆమె నాకు ఒక్క జాకెట్టు గుడ్డ కూడా ఇవ్వలేదు. గడ్‌చాందూర్‌లో ఎవరో కుడుతున్నారు, వాళ్లకు దూది కుదర్చడం తెలియదు. చంద్రపూర్ వచ్చినప్పుడు మా అక్క కొంగును కుడివైపుకు తిప్పి నిండా కప్పుకుని నా దుకాణం ముందు నుంచే బస్టాండుకు నడిచి వెళ్తుంది.